నడిపించు కైంకర్యము

ఉద్దానపు నేల ఇసుక నేల. కొబ్బరితోటలకు, జీడితోటలకు అది తల్లివంటిది. కాలు చచ్చుబడినవానికి మాత్రము శత్రువు. చంకకర్ర మొన సన్ననిదగుటచే ఇసుకలోనికి దిగిపోవును; దానిని పైకి లాగుటకే సగము బలము వ్యయమగును. టెక్కలి, పలాస ప్రాంతములనుండి శ్రీకూర్మనాథుని సేవింపబోవు కుటుంబములలో ఇట్టివాడొకడు ఇంటికి కాపలాగా మిగిలిపోవుట క్రొత్త కాదు. "వాని ప్రారబ్ధము" అని ఒక మాట అనివేసి తక్కినవారు బండి యెక్కుదురు.

ఆ మాటను శాస్త్రము అంగీకరించునా? ప్రారబ్ధమనునది ఎవరిది వారు తలచుకొని ఓర్చుకొనుటకు చెప్పబడినది. ఎదుటివాని అవిటితనమునకు దానిని కారణముగా చూపి చేతులు ముడుచుకొని కూర్చుండుట శాస్త్రార్థము కాదు, సోమరితనము. భాగవత దశమస్కంధములోని కుబ్జావృత్తాంతమును ఆస్తికులందరు వినియే యుందురు. మూడు వంకరల దేహముతో కంసునకు మైపూత కొనిపోవు ఆ స్త్రీని మథురా వీథిలో చూచి శ్రీకృష్ణుడు ఆమె పూర్వజన్మమును విచారింపలేదు. ఆమె పాదములపై తన పాదములు మోపి అదిమి, గడ్డము క్రింద రెండు వ్రేళ్లుంచి పైకెత్తెను. సంకల్పమాత్రముననే సరిచేయగలవాడు ఇంత పని యేల పెట్టుకొనెను? క్రింద అదిమిపట్టి పైకి లాగుట వైద్యుడు చేయు పని. కృప కూడ చేతులు కాళ్లు ఉపయోగించియే పనిచేయునని చూపుటకే యని భావింపవచ్చును.

భగవద్రామానుజులవారు వృద్ధాప్యమున కావేరీ స్నానమునకు పోవునపుడు ముదలియాండాన్ ఊతగా పోయి, తిరిగివచ్చునపుడు ధనుర్దాసుని భుజముపై చేయివైచి వచ్చెడివారని సంప్రదాయ గాథ. స్నానానంతరము మల్లయోధుడైన ఆ శూద్రుని తాకుట యేమని ఆక్షేపించినవారు అప్పుడును ఉండిరి. ఆచార్యులవారు ఆ భుజమును విడువలేదు. ఊత గొనుట చిన్నతనమైనచో యతిరాజులు ఊత గొందురా?

ఈ కాలమున ఆ భుజము పనిని యంత్రములు కొంత చేయుచున్నవి. 1982లో హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. క్షిపణి సంస్థకు అధిపతిగా వచ్చిన అబ్దుల్ కలాం గారు తమ అనుభవమొకటి పలుమార్లు చెప్పిరి. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యులొకరు ఆ ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణికై తయారుచేసిన పదార్థమును చేతబట్టి, దాని తేలికకు ఆశ్చర్యపడి, ఆయనను తమ ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అచ్చట చిన్నపిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు మించిన లోహపు కాలిపర్లను ఈడ్చుకొనుచు నడచుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమయ్యెను. అవి తొడిగిన పిల్లల నడక చూచి తల్లిదండ్రులు కన్నీరు విడిచిరట. నిప్పులు చిమ్ముచు పోవు ఆయుధము కొరకు పుట్టిన పదార్థము పసివాని కాలికి చుట్టమైనది! రామేశ్వరమున పుట్టిన ఆ మహనీయుడు తన జీవితములోని పరమానంద ఘట్టములలో దీనిని కూడ చేర్చి చెప్పుకొనెను.

జైపూరు కాలు సంగతియు ఇట్టిదే. 1968 ప్రాంతమున రామచంద్రశర్మ అను శిల్పకారుడు, సేఠీ అను వైద్యుడు కలసి రబ్బరుతో దానిని రూపొందించిరి. అంతకు ముందున్న విదేశీ కృత్రిమపాదమునకు బూటు తప్పనిసరి. దానితో బాసిపెట్టు వేసికొని కూర్చుండుట కష్టము. బూటు విడువనిదే గుడిలోనికి పోరాదు గదా! జైపూరు కాలితో పాదరక్షలు లేకయే నడువవచ్చును, నేలపై కూర్చుండవచ్చును. భక్తునికి కావలసినది ఆ శిల్పకారుని చేతికి తెలిసినది. 2025 జులైలో డి.ఆర్.డి.ఎల్., బీబీనగర్ ఎయిమ్స్ కలసి కార్బన్ ఫైబరు పాదము నొకదానిని వెలువరించినవి. అది 125 కిలోల భారమునకు పరీక్షింపబడినది. దిగుమతి పాదమునకు సుమారు రెండు లక్షలు కాగా దీనిని 20,000 రూపాయల లోపుననే తయారుచేయవచ్చునని అంచనా.

కదలికను కనిపెట్టు సెన్సార్లు, కీలు దగ్గర మోటారు, నడుమునకు బ్యాటరీ గల రోబో ఊతలు కూడ వచ్చినవి. వాని ధర సామాన్యునకు అందరానిది. టెక్కలిలో ఇంజినీరింగు కళాశాల కలదు. అచ్చటి విద్యార్థి యెవడైన తన మిత్రునికై చవుకలో అట్టిది చేయ సంకల్పించెనేని అది గొప్ప కైంకర్యమే. అయితే మోటారు కొనుటకు ముందు వైద్యునిచే మిత్రుని కాలిని, నడుమును పరీక్ష చేయింపవలెను; లేనిచో ఊతయే హాని చేయును. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టని లోహము, ఇసుకలో దిగిపోని వెడల్పు అడుగు, బ్యాటరీ అయిపోయినను నిలువనిచ్చు ఏర్పాటు చూచుకొనవలెను. వీనికన్న ముందు మిత్రుని ప్రక్కన కూర్చుండి, ఎక్కడికి పోవలెనని ఉన్నదో అడుగవలెను. అతడు శ్రీకూర్మము అనవచ్చును. పలాస బజారు అనవచ్చును. ఏది చెప్పినను ఆ దారిలో ఇసుక ఎంతమేర కలదో, మెట్లెన్నియో, గడప ఎత్తెంతయో స్వయముగా నడచి చూచి వచ్చి, ఆపైన పని మొదలుపెట్టవలెను.