ప్రథమ ముద్రణములు: సంగ్రహమా, లోభమా?

విద్య యిచ్చినకొలది పెరుగు ధనమని మనమందఱము నమ్ముదుము. ప్రథమ ముద్రణముల యంగడిలో ఈ ధర్మము తలక్రిందులగుచున్నది. అచ్చట పుస్తకము చదివి నలిగినకొలది దాని వెల తగ్గును. ఎవ్వరును విప్పని ప్రతికే గౌరవ మెక్కువ. ఇట్టి సంగ్రహము విద్యాసేవయా, లేక లోభమునకు మఱియొక పేరా? తత్త్వవిచారముగల నవలల విషయమున ఈ ప్రశ్న మఱింత తీవ్రము. ఏలయన, మనుష్యుడు దేనికొఱకు బ్రతుకవలెనని యా గ్రంథములే యడుగుచున్నవి.

ఆల్బేర్ కామూ రచించిన 'పరాయివాడు' అను నవల 1942వ సంవత్సరమున, పారిసు నగరము జర్మనుల యధీనమం దున్నపుడు, గాలిమార్ ప్రకాశకులచే 4,400 ప్రతులుగా వెలువడెను. ఒక్కమాఱే అచ్చయిన ఆ ప్రతులలో పెక్కింటి యట్టలపై, అమ్మకము చురుకుగా నున్నట్లు తోచుటకై, తరువాతి ముద్రణములని వేసిరి. లోపలి యక్షరము లొక్కటియే. అయినను అట్టపై ఏ సంఖ్యయు లేని ప్రతికే సంగ్రాహకు లధికధనము నిత్తురు. ఆ యధికధనము కామూ యాలోచనకు వెల కాదు, వర్తకపు టెత్తునకు వెల. అట్లే ఆంగ్లనవలలకు కాలికో బైండుపై చుట్టిన కాగితపు తొడుగు పోయినచో వెల పెక్కుపాళ్లు తఱిగిపోవును. ఆనాటి ఫ్రెంచి పుస్తకములలో అనేకము పుటల యంచులను కత్తితో విడదీసినగాని చదువ వీలులేనివి. విడదీయని ప్రతి నేటికిని అపురూపము. దాని నెవ్వరును చదువలేదనుటకు అదియే సాక్ష్యము!

అయిన నింతమాత్రమున సంగ్రాహకుని నిందించుట న్యాయము కాదు. అదే సంవత్సరమున కామూ ప్రకటించిన 'సిసిఫస్ పురాణము' అను తత్త్వవ్యాసమున కాఫ్కానుగూర్చిన ప్రకరణము లేదు. కాఫ్కా యూదుడగుటచే జర్మనుల నిషేధమునకు వెఱచి దానిని తొలగింపవలసి వచ్చెను. తరువాతి ముద్రణములలో నది యనుబంధముగా చేరినది. నేటి చదువరికి గ్రంథము సమగ్రముగా లభించును గాని ఆనాటి గాయము కనబడదు. ప్రథమ ముద్రణమున ఆ లోపమే చరిత్రకు సాక్షి. అట్టి సాక్షిని కాపాడువాడు లోకోపకారియే.

కాఫ్కా కథయు ఇచ్చట స్మరింపదగినది. తన వ్రాతలను తగులబెట్టుమని మిత్రుడగు మాక్స్ బ్రోద్‌ను కోరి ఆయన 1924లో మరణించెను. బ్రోద్ ఆ కోరికను పాటింపక, అసంపూర్ణమైన 'విచారణ' నవలలోని ప్రకరణములను తానే వరుసపెట్టి 1925లో బెర్లినున అచ్చువేయించెను. దాని వ్రాతప్రతి 1988లో లండను వేలమున సుమారు పదిలక్షల పౌనులకు అమ్ముడై, జర్మనీలోని మార్బాఖ్ సాహిత్యభాండారమును చేరినది. ఆ పుటల ప్రతిబింబములతో 1997లో సంపుటము వెలువడుటచే, వ్రాతప్రతిని చేతబట్టలేనివారును కాఫ్కా చేవ్రాతను చూడగలుగుచున్నారు. ధనము వెచ్చించుట దోషము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

కావున సంగ్రాహకుని పరీక్షింపవలసినది వాని బీరువా తలుపుకడ. అడిగివచ్చిన జిజ్ఞాసువునకు తలుపు తెఱచువాడు ధర్మకర్త. తాను చదువక, ఇతరులను చూడనీయక దాచువాడు నిధిని కాచు పాము. మన యిండ్లలో అంత వెలగల ప్రతులు లేకపోవచ్చును. కాని అద్దాల బీరువాలు గలవు. పండుగనాడు పుస్తకములకు దుమ్ము దులిపి, కుంకుమ పెట్టి, మరల తాళము వేయుదుము. ఆ తాళపుచెవిని పిల్లల చేతి కిచ్చినచో కొన్ని పుటలు నలుగును, కొన్ని యట్టలు చిరుగును. ఆ నష్టమును సహింపలేనివానికి పుస్తకము గృహాలంకారమే యగును.