కాంక్రీటు బాట: వెల, ఖర్చు

గేటు నుంచి పోర్టికో దాకా కారు వచ్చేందుకు వేసే కాంక్రీటు బాట ఖరీదును మొదట తేల్చేవి వైశాల్యం, మందం. 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న బాటను 4 అంగుళాల మందంతో పోస్తే సుమారు 133 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. బరువు బండ్ల కోసం 6 అంగుళాలు వేస్తే 200. తర్వాతిది నేల. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాన్ని తవ్వి తీసి, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించాలి. ఇక్కడ పొదుపు చేస్తే బాట పగులుతుంది. ఇనుము, కాంక్రీటు గ్రేడు, కూలి, వారం రోజుల క్యూరింగు అంచనాలో ఎలాగూ ఉంటాయి.

అంచనాకెక్కని ఖర్చు మరొకటి ఉంది: కాంక్రీటులో కలిసే ఇసుకది. వస్తువు వెల, దాని అసలు ఖర్చు ఒకటేనా అన్న తాత్త్విక ప్రశ్న అక్కడే పుడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఉచిత ఇసుక విధానం వచ్చాక కొనేవారు కట్టేది ప్రధానంగా తవ్వకం, లోడింగు, రవాణా ఖర్చులే. ప్రకృతిలో ఉన్నదానికి మనిషి తన శ్రమను జోడిస్తే అది అతని సొత్తవుతుందని ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో వాదించాడు. ఇసుక బిల్లు ఆ వాదానికి సరిగ్గా సరిపోతుంది: అందులో ఉన్నది ప్రధానంగా శ్రమే. అయితే లాక్ ఒక షరతు కూడా పెట్టాడు. తక్కినవారికి అంత మంచిదే, చాలినంత మిగలాలి. నది దగ్గర ఆ షరతు నిలవదు. ఇసుక మేట నీటిని పట్టి ఉంచి ఒడ్డునున్న బావులకు ఊట అందిస్తుంది. వరద తెచ్చేదానికి మించి తవ్వితే ఏటి అడుగు దిగుతుంది, దానితోపాటే బావి నీరూ దిగుతుంది. ఆ బావి రైతు ఏ బిల్లులోనూ కనిపించడు. రాయిని పిండి చేసి తయారుచేసే రోబో శాండ్ వాడితే నదికి ఊరట, కానీ గుట్ట కరుగుతుంది.

నదుల వంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసులో చెప్పింది. ధర్మకర్త సొత్తును కాపాడాలి; రాబోయే తరాల వాటాను ఉచితంగా పంచే హక్కు అతనికి లేదు.

ఇంటి యజమాని చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. చక్రాలు నడిచేచోట మాత్రమే రెండడుగుల వెడల్పుతో రెండు పట్టీలు పోసి, నడుమ గడ్డి వదిలితే 133 ఘనపుటడుగులు 53కు తగ్గుతాయి. ఇసుక, సిమెంటు ఆ మేరకు మిగులుతాయి, వాన నీరూ ఆవరణలోనే ఇంకుతుంది.