మొదటి ముద్ద ఎవరికి?

కొత్తల పండుగ చెయ్యకుండా కొత్త కందికాయ నోట పెట్టం మనం. ముందు దేవతకు, తర్వాత ఇంటివాళ్లకు. రాజ్మా దగ్గరికొచ్చేసరికి ఆ వరస మరిచాం. చింతపల్లి, పాడేరు కొండల్లో పండిందంతా మూటకట్టి సంతకు మోస్తున్నాం. ఇంట్లో పిల్లలకు అన్నం, చింతపండు చారు. అమ్మడం తప్పని మేం అనం. ఉప్పూ నూనే బట్టా ఆ డబ్బుతోనే కదా. కానీ రక్తం తక్కువై బల్ల మీద తల వాల్చే పిల్లను చూస్తే ఆ మూటే గుర్తొస్తుంది. గింజల్లో మాంసకృత్తులు, ఇనుము ఉన్నాయని పాఠం చెబుతాం; గింజ మాత్రం ఆ పిల్ల కంచంలో లేదు. పండించిన ఇంటికి పెట్టకుండా అమ్మితే, దేవతకు పెట్టిన మొదటి ముద్దకు అర్థమేమిటి?

ఈ ఏడు మా ఇళ్లలో రెండేసి కుంచాలు పక్కన పెట్టాం. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికిస్తున్నాం. సగం ఉడికితే కడుపులో తిప్పుతుంది.