పంపబడినవాని దినచర్య

పాఠము: లూకా 10:1–9, 2 రాజులు 5:1–4



మన ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరినిగా పంపినప్పుడు వారికి ఏమి నేర్పెనో గమనించుడి. డబ్బుసంచి ఉండరాదు. ఏ యింట అడుగు పెట్టినను మొదట సమాధానము పలుకవలెను. పెట్టినది తినవలెను. మంచి భోజనము కొరకు ఇల్లిల్లు తిరుగరాదు. రోగులను చూడవలెను. దేవుని రాజ్యము సమీపించెనని చెప్పుట వీటన్నిటికిని చివర వచ్చుచున్నది. పంపబడినవాని పని వేదిక మీద ఆరంభము కాదు. అది వాకిట, గిన్నెదగ్గర, రోగి మంచముదగ్గర ఆరంభమగును.

మన కోనసీమకు ఈ సంగతి క్రొత్తది కాదు. నగరమునుండి రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవునకు పోయి, వశిష్ఠ గోదావరి దాటినయెడల నరసాపురము. ఇంగ్లాండు దేశమందలి డెవను సీమలో బార్న్‌స్టేపుల్ అను చిన్న ఊరిలోనుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు యౌవనస్థులు, తమ భార్యలతోకూడ 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట మన దేశమునకు వచ్చిరి. వారు జమీందారుల బిడ్డలు కారు, సామాన్యులు. ఏ మిషను సంఘమును వారికి జీతము నిర్ణయింపలేదు. మొదట మచిలీపట్టణములోను, తరువాత నరసాపురములోను నివసించి గోదావరి డెల్టాలో పని ఆరంభించిరి.

వారి దినములు ఎట్లు గడచియుండునో తలంచుడి. సూయజు కాలువ తెరువబడినది 1869లో. కాబట్టి ఆ కాలమున ఓడ ఆఫ్రికా ఖండమును చుట్టి నెలల తరబడి రావలెను. తల్లి వ్రాసిన ఉత్తరము చేరుసరికి అందులోని వార్త పాతదగును. ఇక్కడ ఆనకట్ట లేదు, రైలు లేదు. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని ఆరంభమైనప్పుడు, దూరదూరమునుండి వచ్చిన కూలీలకు బౌడెన్ గారు వాక్యము చెప్పిరి. కాని దానికి ముందు పది సంవత్సరములు గడచినవని మరువకుడి. అక్షరములు దిద్దుట, సంతలో నిలువబడుట, జ్వరములో పడుకొనుట, మరల లేచుట: ఆ దినములలో చాలభాగము ఇట్టివే. అయినను అవి వ్యర్థము కాలేదు. నేడు డెల్టా పల్లెలలో నిలిచియున్న సంఘములు ఆ దినములలో విత్తబడినవే.

ఇప్పటికిని ఇట్లు పోవువారున్నారు. మోర్మనులని పిలువబడువారి బోధ మన బోధ కాదు. అయినను వారి యౌవనుల క్రమమును చూచి మనము నేర్చుకొనవచ్చును. మగపిల్లలు రెండు సంవత్సరములు, ఆడపిల్లలు ఏడాదిన్నర తమ సొంత సొమ్ముతోగాని ఇంటివారి సహాయముతోగాని సేవచేయుదురు. జతవారిని విడిచి ఒంటరిగా తిరుగరు. 2019 వరకు వారు ఇంటివారితో ఫోనులో మాటలాడుటకు సంవత్సరమునకు రెండు దినములే ఏర్పాటైయుండెను. ఆ సంవత్సరమునుండి వారమునకొకసారి మాటలాడనిచ్చుచున్నారు. ఏలయనగా ఇంటినుండి వచ్చు మాట పంపబడినవానికి బలము.

ఇప్పుడు మన ఇండ్లవైపు చూచుకొందము. మన వీధిలో కువైటుకో మస్కటుకో దోహాకో పోయిన తల్లి లేని ఇండ్లు ఎన్ని? అప్పు తీర్చుటకు, పిల్లలను చదివించుటకు, ఇల్లు కట్టుటకు మన చెల్లెండ్రు పరుల వంటయింట నిలువబడుచున్నారు. వారిని మనము సేవకులని పిలువము. వేతనమునకు పోయినవారందుము. అయితే నయమాను ఇంటిలో ఇశ్రాయేలు చిన్నది ఒకతె ఉండెను. ఆమె చెరపట్టబడి పోయినది. ఆమె పేరైనను లేఖనము చెప్పలేదు. ఆమె పని యజమానురాలికి ఊడిగము. అయినను యజమానుని రోగము చూచి ఆమె జాలిపడెను. ఒక్క మాట చెప్పెను. ఆ మాట ఒక సేనాధిపతిని యొర్దానుకు నడిపించెను. దినదినము ఆమె నమ్మకముగా పని చేసియుండనియెడల, ఆ మాటను ఎవరు విందురు?

మన చెల్లెండ్రు పనిచేయు ఆ దేశములలో మతము మార్చు ప్రయత్నమునకు చట్టము ఒప్పుకొనదు. ఆ చట్టమును మీరి ఆపదలో పడుడని నేను చెప్పను. పరుని బిడ్డను తన బిడ్డవలె ఎత్తుకొనుట, మాటకు మాట అనకుండుట, నమ్మి యిచ్చిన తాళములను నమ్మకముగా కాచుట: వీటిని ఆపు చట్టము ఏదియు లేదు. కువైటులో శుక్రవారము సెలవు దొరికినవారు కూడి తెలుగులో ఆరాధించుకొనుచున్నారు. సెలవే దొరకనివారు వంటయింటిలో కన్నీటితో ఆరాధించుకొనుచున్నారు. యజమానులలో దయగలవారును ఉన్నారు, కఠినులును ఉన్నారు.

అయితే పంపినవారమైన మన సంగతి ఏమి? అంతియొకయ సంఘము పౌలును బర్నబాను చేతులుంచి పంపెను. వారు తిరిగి వచ్చినప్పుడు సంఘమంతయు కూడి, దేవుడు చేసిన కార్యములను వినెను. మనమో, రాత్రివేళ కారెక్కించి పంపుచున్నాము. తిరిగి వచ్చినప్పుడు పెట్టెలో ఏమున్నదని చూచుచున్నాము. ఫోను మ్రోగగానే, "డబ్బు పంపితివా?" అని అడుగుచున్నాము. "తింటివా? నిద్రపోవుచున్నావా? ప్రార్థన చేసికొన వీలగుచున్నదా?" అని అడుగువారెవరు?

కాబట్టి ప్రియులారా, మూడు పనులు చేయుదము. పోవువారిని ఆదివారమున సంఘము ఎదుట నిలిపి ప్రార్థించి పంపుదము; వారి పాస్‌పోర్టు నకలును, యజమానుని చిరునామాను, భారత రాయబార కార్యాలయపు ఫోను నెంబరును ఇంటియొద్ద వ్రాసి ఉంచుదము. అమ్మమ్మల యొద్దనున్న వారి పిల్లలను సండేస్కూలుకు మనమే చేయి పట్టుకొని తీసికొని వత్తుము. తిరిగి వచ్చినవారిని కూర్చుండబెట్టి, ప్రభువు వారిని ఎట్లు కాపాడెనో విందుము. పంపినవాడు మరచినయెడల పంపబడినవాడు ఒంటరివాడగును.

ప్రార్థన: ప్రభువా, దూరదేశములో తెల్లవారకముందే లేచుచున్న మా బిడ్డలను కాపాడుము. వారి చేతిపనిని నీ సాక్ష్యముగా చేయుము. మేము వారిని మరువకుండునట్లు మా హృదయములను మార్చుము. ఆమేన్.