రాముడి ఇల్లు: భద్రాచల ఆలయ నిర్మాణ చరిత్రలో ఒక తాత్విక ప్రశ్న

దేవాలయ నిర్మాణ చరిత్ర రాసేవారు తప్పించుకోలేని ప్రశ్న ఒకటి ఉంది. పునాది నుంచి కలశం దాకా రాయీ సున్నమూ చెక్కడమూ కాలక్రమంలో మారిపోయాక, ఇప్పుడు నిలిచి ఉన్నది పాత గుడేనని ఏ ప్రమాణంతో చెప్పాలి? ఖమ్మం దాటి పాల్వంచ మీదుగా సాగిన దారి అడవుల అంచున గోదావరిని చేరేచోట, భద్రగిరి మీద ఉన్న సీతారామచంద్రస్వామి ఆలయం ఈ ప్రశ్నను పరీక్షించడానికి తగిన స్థలం. ఆకుల పందిరిగా మొదలై, ఒక తహసీల్దారు చేతిలో రాతి కట్టడమై, ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ కొత్త రాతిని తొడుక్కున్న ఈ ఇల్లు, తన నివాసి విషయంలో మాత్రం ఏనాడూ సందేహానికి చోటివ్వలేదు.

సంప్రదాయం చెప్పే తొలి నిర్మాత పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ. భద్రిరెడ్డిపాలెంలో ఉండే ఆమెకు స్వామి కలలో కనిపించి తన ఉనికి చెప్పాడనీ, గోదావరి నీళ్ళు పోసి పుట్టను కరిగించగా విగ్రహాలు బయటపడ్డాయనీ, ఆమె తాటాకులతో పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టి కొలిచిందనీ స్థలపురాణం. ఆగమ పరిభాషలో ఇటువంటి మూర్తిని స్వయంవ్యక్తం అంటారు. శిల్పి మలిచి ఆచార్యుడు ప్రతిష్ఠించినది కాక, తనంత తానుగా వెలసినదని అర్థం. నిర్మాణ చరిత్రలు ఈ పందిరిని ఒక్క వాక్యంలో దాటేసి, రాతి గుడి కట్టించిన తహసీల్దారు గోపన్న దగ్గరికి వెళ్ళిపోవడం పరిపాటి. అది న్యాయం కాదు. నీడ, నివేదన, కొలిచే మనిషి, ఈ మూడూ దమ్మక్క పందిరి కింద పూర్తిగా ఉన్నాయి. ఆ తరవాత వచ్చిన ప్రాకారాలూ మంటపాలూ వీటిని విస్తరించాయే తప్ప నాలుగోదాన్ని చేర్చలేదు. పైగా వాల్మీకి రామాయణంలో వనవాసి రాముడికి లక్ష్మణుడు కట్టిన ఇల్లు పర్ణశాల, అంటే ఆకుల కప్పు వేసిన కుటీరం. భద్రాచలానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో ఆ పేరుతోనే ఉన్న క్షేత్రాన్ని ఈ ప్రాంతం ఆ కుటీరపు తావుగా కొలుస్తోంది. ఆకుల ఇల్లు ఈ దేవుడికి తక్కువ ఇల్లు కాదని ఈ అడవికి మొదటినుంచీ తెలుసు.

రాతి కట్టడం పదిహేడో శతాబ్దపు చివరి భాగానిది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) కొలువులో మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు, అంటే పన్ను వసూలు కోసం ఏర్పరచిన పాలనా విభాగానికి తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్మును ఆలయానికి వెచ్చించాడన్న అభియోగంతో ఆయన గోల్కొండ చెరసాల పాలయ్యాడు. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి ఆరు లక్షల వరహాలు చెల్లించి ఆయనను విడిపించారన్నది తెలుగునాట తరతరాలుగా చెప్పుకుంటున్న కథ.

ఇక్కడ చరిత్రకారుడు నిలబడి చూడవలసిన విశేషం ఉంది. పెద్ద భవనాల చరిత్రకు మూలాధారం సాధారణంగా లెక్కల పుస్తకం: ఎవరికి ఎంత కూలి, ఏ గోడకు ఎంత రాయి. భద్రాచలానికి ఆ లెక్క కీర్తనలో దొరుకుతుంది. రామదాసుగా పేరొందిన గోపన్న కీర్తనల్లో ఒకటి ప్రాకారాల నుంచి, గోపుర మంటపాల నుంచి మొదలుపెట్టి, సీతమ్మ చింతాకు పతకం దాకా, లక్ష్మణ భరత శత్రుఘ్నుల నగల దాకా, దేనికెన్ని వరహాలు పట్టాయో పద్దు పద్దుగా ఏకరువు పెడుతుంది. ఆ లెక్క అప్పజెప్పింది సుల్తానుకు కాదు, నేరుగా రాముడికి. చేయించినదంతా నీకే చేయించాను, దెబ్బలు మాత్రం నేను తింటున్నాను అన్న ఆ నిష్ఠూరంలో ఒక స్పష్టమైన సిద్ధాంతం దాగి ఉంది: సొమ్ము ఎవరిదైనా, చెయ్యి ఎవరిదైనా, ఇల్లు అందులో ఉన్నవాడిది, కాబట్టి జవాబు చెప్పవలసినవాడూ అతడే. ప్రజల శిస్తును అలా వాడటం ధర్మమేనా అన్న శంక సహజం. ఆ శంకను కథ కూడా కొట్టివేయలేదు. బాకీ లేదనకుండా, ఉందని ఒప్పుకొని, ఇంటివాడి చేతనే పూర్తిగా తీర్పించింది.

గోల్కొండ మొగలుల వశమైన 1687లోనే ఇంగ్లండులోని డెర్బీషైరులో, డెర్వెంట్ నది ఒడ్డున, చాట్స్‌వర్త్ భవన పునర్నిర్మాణం మొదలైంది. పదహారో శతాబ్దంలో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ కాలంలో కట్టిన ఆ ఇంటిలో దక్షిణ భాగాన్ని మాత్రమే మార్చాలని, తరవాతి కాలంలో డెవన్‌షైర్ మొదటి డ్యూక్ అయిన విలియం కావెండిష్, వాస్తుశిల్పి విలియం టాల్మన్‌కు పని అప్పగించాడు. అది ఒక్కొక్క వైపే పాకి, 1707 నాటికి పాత ఇల్లు దాదాపు కనుమరుగైంది. అయినా అది చాట్స్‌వర్తే, ఎందుకంటే అక్కడ ఇంటి ఏకత్వాన్ని నిలిపేది వంశం. తండ్రి తరవాత కొడుకు అనే వారసత్వపు దారం తెగనంతకాలం గోడలు ఎన్ని మారినా పేరు చెల్లుతుంది. దేవాలయంలో ఆ దారం అక్కరలేదు. నివాసికి మరణం లేదు గనుక వారసుడి ప్రసక్తి లేదు, ఏకత్వానికి ఆధారం మరోచోట వెతకాలి.

పందొమ్మిదో శతాబ్దంలో తూము నరసింహదాసు, ఆయన సహచరుడు వరదరామదాసు భద్రాచలంలో నిత్యసేవల క్రమాన్ని మళ్ళీ నిలబెట్టారు. వారు కట్టింది గోడలు కాదు, దినచర్య. నిర్మాణ చరిత్రలో వారికి చోటు ఉండాలన్నది ఈ వ్యాసపు వాదనలో భాగం. తరవాత 1960 దశకంలో, హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహాన్ని మలిచిన గణపతి స్థపతి ఆధ్వర్యంలో, ఆలయానికి జీర్ణోద్ధారణ జరిగి, చెక్కడపు స్తంభాల కల్యాణమంటపం లేచింది. జీర్ణోద్ధారణ అంటే శిథిలమైనదాన్ని తిరిగి లేవనెత్తడం. ఆగమం ఇందుకు విధించిన పద్ధతిలోనే అసలు ప్రశ్నకు సగం జవాబు ఉంది. పని మొదలయ్యే ముందు కళాకర్షణ జరుగుతుంది, అంటే మూర్తిలోని దివ్యశక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోకి ఆవాహన చేస్తారు. పని సాగినన్నాళ్ళూ బాలాలయం అనే తాత్కాలిక మందిరంలో ఆరాధన నడుస్తుంది. పూర్తయ్యాక సంప్రోక్షణతో, అంటే మంత్రజలం చల్లి చేసే శుద్ధితో, ఆ శక్తిని మళ్ళీ యథాస్థానంలో నిలుపుతారు. ఆ కొన్నాళ్ళూ శాస్త్రరీత్యా గుడి అంటే ఆ చిన్న మందిరమే, పెద్ద కట్టడం కేవలం రాళ్ళు.

దీన్ని దర్శనాలు ఎలా సమర్థిస్తాయి? న్యాయ వైశేషికుల మతంలో అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం, భాగాలకంటె వేరైన వస్తువు. అయితే ఒక పోగు లాగేస్తే పాత వస్త్రం నశించి కొత్త వస్త్రం పుట్టినట్టే. ఈ లెక్కన 1960 దశకం తరవాతి గుడి రామదాసు గుడి కాజాలదు. రామానుజాచార్యుల విశిష్టాద్వైతం వేరే ద్వారం తెరుస్తుంది. ఒక చేతనుడు తన ప్రయోజనం కోసం దేన్ని పూర్తిగా నియమించి ధరించగలడో, ఏది కేవలం అతడి కోసమే ఉంటుందో, అది అతడికి శరీరం అన్నది శ్రీభాష్యంలో ఆయన ఇచ్చిన నిర్వచనపు సారాంశం. మరొకరి కోసమే ఉండటాన్ని శేషత్వం అంటారు. ఆలయ వాస్తు కూడా విమానాన్ని దేహంగానే చూస్తుంది: స్తంభభాగానికి పాదమని, శిఖరం కింది సన్నని భాగానికి గ్రీవమని, అంటే మెడ అని పేర్లు. దేహంలో ధాతువులు మారుతున్నా మనిషి అతడే అయినట్టు, శేషత్వం చెడనంతకాలం రాళ్ళు మారినా ఇల్లు అదే. నరసింహదాసు సేవాక్రమం గోడ ఎత్తినంత పని అనడానికి కారణం ఇదే. శేషత్వాన్ని రోజువారీగా నిలిపేది ఆరాధనే.

ఈ సమాధానం బలమైనదే కాని, దాని చాటున ఒక నష్టం జరుగుతోంది. దేవుడు ఎలాగూ ఉన్నాడు గనుక పాత రాయి పోతే పోనీ అన్న ఉదాసీనత దక్షిణాది ఆలయాల్లో ఎన్నో శాసనాలను, సున్నపు పనులను, తీర్చిన చూరులను మాయం చేసింది. ఆగమం కొత్త రాయిని అనుమతించింది, పాత రాయిని మరిచిపొమ్మనలేదు. భగవంతుడు అర్చామూర్తిగా మనుషుల చేతుల్లో ఒదిగి ఉండటానికి ఒప్పుకున్నాడన్నది వైష్ణవ విశ్వాసమైనప్పుడు, ఆ చేతుల ఆనవాళ్ళు కూడా ఆయన చరిత్రే. భద్రాచల ఆలయ విస్తరణ మాట తరచుగా వినిపిస్తున్న ఈ కాలంలో, గోపన్న కాలపు రాయి ఏది, తరవాతిది ఏది అన్న కొలతల నమోదు ముందుగా జరగడం భక్తికి విరుద్ధం కాదు, భక్తిలో భాగం.

ఇంటి ఎల్లల విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. విగ్రహానికి చట్టంలో వ్యక్తిత్వం ఉందనీ, అది ఎక్కడ ఉండాలన్న విషయంలో దేవుడి ఇచ్ఛను కూడా గౌరవించాలనీ 1925లో ప్రివీ కౌన్సిల్ ఒక కుటుంబ దేవతా వివాదంలో చెప్పింది. ఆ వ్యక్తిత్వం ఆధారపడేది రాతిమూర్తి మీద కాదనీ, దాత ఉద్దేశించిన ధర్మప్రయోజనం మీద అనీ 2019 నాటి అయోధ్య తీర్పు వివరించింది. భద్రాచల రాముడి విషయంలో ఇది పుస్తకాల ముచ్చట కాదు. నిజాం 1860లో బ్రిటిష్ వారికి అప్పగించిన ఈ తాలూకా, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో రాష్ట్ర విభజనతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవగా, గుడి తెలంగాణలోనూ, పురుషోత్తపట్నంలోని ఆలయ భూములు సరిహద్దుకు అవతలా మిగిలాయి. శ్రీరామనవమినాడు ప్రభుత్వ పక్షాన ముత్యాల తలంబ్రాలు తెచ్చే ఆచారం తానీషా కాలం నుంచి వస్తున్నదని ప్రతీతి. కల్యాణం నాటికి గుడి మంటపాలు చాలక, పెళ్ళి మిథిలా స్టేడియంలో జరుగుతుంది, గులాలు కలిపిన ఎర్రని తలంబ్రాల కోసం జనం అక్కడే బారులు తీరుతారు. రామానుజుల నిర్వచనాన్ని నిజంగా నమ్మితే ఆ స్టేడియమూ, సరిహద్దు అవతలి పొలాలూ స్వామి కోసమే ఉన్నవి గనుక ఆయన శరీరంలోవే. ఆలయ నిర్మాణ చరిత్ర ప్రాకారపు గోడ దగ్గర ఆగిపోతే అది సగం ఇంటి చరిత్రే అవుతుంది.