పక్కన నిలబడటమే మైత్రి



ఒకసారి భగవాన్ బుద్ధుడు జేతవనం నుంచి శ్రావస్తి నగరానికి భిక్షకు వెళుతున్నారు. దారిలో కొందరు పిల్లలు చేపల్ని హింసిస్తూ ఆడుకుంటున్నారు. వాళ్లకది సరదా. బుద్ధుడు ఆగారు. కర్ర ఎత్తలేదు, కసురుకోలేదు. నొప్పి అంటే మీకు భయమేనా, నొప్పి మీకు ఇష్టం లేదు కదా అని మాత్రం అడిగారు. అవును, మాకు భయమే, ఇష్టం లేదు అన్నారు పిల్లలు. అలాగైతే నలుగురి ముందైనా, చాటుగానైనా చెడ్డ పని చేయవద్దని ఆయన బోధించారు. ఈ సంఘటన ఉదాన గ్రంథంలో ఉంది.

ఇక మీ తరగతి గది సంగతి చూద్దాం. అక్కడ చేపలుండవు. మాట తడబడే ఒక అబ్బాయి ఉంటాడు. లావుగా ఉందని అందరూ ఏదో పేరు పెట్టిన అమ్మాయి ఉంటుంది. యాసను వెక్కిరించినందుకు మాట్లాడటమే మానేసినవాడు ఉంటాడు. మీదే కులం అని అడిగించుకుని మొహం చిన్నబుచ్చుకున్నవాడు ఉంటాడు. వాళ్ల బ్యాగు దాచేస్తారు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. అడిగితే "ఊరికే జోక్ రా, సీరియస్‌గా తీసుకోకు" అంటారు. శ్రావస్తి పిల్లలకు కూడా అది ఆటే. అది ఆటో హింసో చెప్పాల్సింది ఆడేవాళ్లు కాదు, నొప్పి పడుతున్నవాళ్లు.

కాస్త గమనించండి. ఏడిపించేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. చూసేవాళ్లు మాత్రం క్లాసంతా ఉంటారు. కొందరు నవ్వుతారు, కొందరు పుస్తకంలో తలదూర్చుకుంటారు. ఏడిపించేవాడికి కావలసింది చాలాసార్లు ఆ నవ్వే. "నేనేం అనలేదు కదా" అని మీరనుకోవచ్చు. నిజమే, మీరేమీ అనలేదు. కానీ ఆ దెబ్బ తిన్నవాడికి మీ మౌనం కూడా వాళ్ల గొంతులాగే వినిపిస్తుంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ చిన్నప్పుడు సాతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చునేవారు. ఆ పట్టాను ఇంటి నుంచి తెచ్చుకుని, సాయంత్రం మళ్లీ ఇంటికి మోసుకెళ్లేవారు. ప్యూను కుళాయి తిప్పితేనే మంచినీళ్లు. ప్యూను రాకపోతే దాహంతోనే ఉండాలి. తర్వాత ముంబయిలో, ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో, లెక్క చేయడానికి టీచరు ఆయన్ని బోర్డు దగ్గరికి పిలిచారు. బోర్డు వెనక పిల్లల టిఫిన్ డబ్బాలున్నాయి. ఆయన బోర్డు ముట్టుకుంటే అన్నం మైలపడుతుందని పిల్లలు పరుగున వెళ్లి డబ్బాలు తీసేసుకున్నారు. వాళ్లంతా పుట్టుకతో క్రూరులా? కాదు. ఇంట్లో నేర్పారు గనక కొందరు తీశారు, పక్కవాడు తీశాడు గనక కొందరు తీసి ఉంటారు. ఒక్కడైనా "నా డబ్బా ఇక్కడే ఉండనీ" అన్నట్టు మనకెక్కడా వినబడదు. ఆ ఒక్క మాటకు ఎంత విలువ ఉండేదో ఆలోచించండి.

ఆ బాలుడే పెద్దయ్యాక, స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం తనకు బుద్ధుని బోధ నుంచే వచ్చాయని 1954లో ఆకాశవాణి ప్రసంగంలో చెప్పారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ధమ్మదీక్ష తీసుకున్నారు. తరగతి గదిలో సోదరభావం అంటే పెద్ద ఉపన్యాసం కాదు. అందరూ డబ్బా తీస్తున్నప్పుడు మీరు తీయకపోవడం.

రాజగృహంలో సిగాలుడనే యువకుడికి బుద్ధుడు మంచి మిత్రుడు ఎలా ఉంటాడో వివరించారు. భయపడినప్పుడు ఆసరాగా ఉంటాడు. స్నేహితుణ్ణి ఎవరైనా చెడుగా మాట్లాడుతుంటే వాళ్లను వారిస్తాడు. చూశారా, మనసులో జాలిపడితే చాలని ఆయన చెప్పలేదు. వారించమన్నారు. కాబట్టి మైత్రి అంటే మెత్తగా ఊరుకోవడం కాదు.

"వారిస్తే రేపు నన్నూ ఏడిపిస్తారు" అని మీకు భయం. ఆ భయం తప్పు కాదు. అందుకే ఒంటరిగా వెళ్లకండి, తోడు కూడగట్టుకోండి. 2007లో కెనడాలోని నోవా స్కోషియాలో ఇదే జరిగింది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు గులాబీ రంగు చొక్కా వేసుకుని వస్తే కొందరు హేళన చేసి, కొడతామని బెదిరించారు. డేవిడ్ షెపర్డ్, ట్రావిస్ ప్రైస్ అనే పన్నెండో తరగతి విద్యార్థులకు ఈ సంగతి తెలిసింది. వాళ్లు బెదిరించినవాళ్ల మీదికి పోలేదు. దుకాణానికి వెళ్లి 50 గులాబీ చొక్కాలు కొన్నారు, తోటివాళ్లకు కబురు పెట్టారు. బడిలో ఎటు చూసినా గులాబీ రంగే కనిపించింది. ఆ అబ్బాయి ఇక ఒంటరి కాదు. కెనడాలో ఇప్పుడు ఏటా ఫిబ్రవరి చివరి బుధవారం గులాబీ చొక్కాల రోజు జరుపుతారు. వాళ్లు ధమ్మం చదివి ఈ పని చేయలేదు. కానీ చేసింది మాత్రం ధమ్మమే. మంచికోసం నలుగురు కలిస్తే దాని బలం ఏమిటో మన సంఘం కూడా నేర్పేది అదే.

చొక్కాలు కొనక్కర్లేదు. ముందు, నవ్వడం ఆపండి. మధ్యాహ్నం ఒంటరిగా తినేవాడి దగ్గరికి మీ ప్లేటు తీసుకుని వెళ్లండి. గ్రూపులో వచ్చిన ఫొటోను ఇంకొకరికి పంపకండి, "ఇది తీసెయ్" అని రాయండి. ఎవరికైనా మంచి మార్కులొస్తే మనసారా మెచ్చుకోండి. దాన్నే ముదిత అంటారు. అసూయకు అది మందు.

టీచరుకు చెప్పడం చాడీ కాదు. మనుషుల్ని విడదీయడానికి చెప్పేది చాడీ, ఒకరిని కాపాడటానికి చెప్పేది సరైన మాట. దెబ్బలున్నా, డబ్బు లాక్కుంటున్నా, "నాకు బతకాలని లేదు" అని స్నేహితుడు అన్నా ఆ మాట దాచకండి. వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. పిల్లల సహాయం కోసం 1098కి ఫోన్ చేయవచ్చు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది.

ఇది చదువుతున్న మీరే ఆ ఏడిపింపు పడుతున్నవారైతే, ఒక మాట. మౌనంగా భరించడమే ఓర్పు అని ధమ్మం చెప్పదు. తప్పు మీది కాదు. నమ్మకమున్న ఒక్కరితోనైనా చెప్పుకోండి.

ఏడిపించేవాణ్ణి కూడా ద్వేషించకండి. వాడి పనిని ఆపండి, వాణ్ణి వెలివేయకండి. వేళ్లు కోసి దండ వేసుకున్న అంగులిమాలుడే మారి భిక్షువయ్యాడు. మీ క్లాసువాడు మారలేడా?

ఈ రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు మైత్రీభావన చేయండి. మొదట మీ క్షేమం కోరుకోండి, తర్వాత మీ స్నేహితులది, తర్వాత క్లాసులో ఎవరూ పట్టించుకోని ఆ ఒక్కరిది, చివరికి మీకు నచ్చనివాడిది. రేపు బడికి వెళ్లగానే ఆ ఒక్కరిని పేరు పెట్టి పలకరించండి. క్లాసు పెట్టిన పేరుతో కాదు, అమ్మానాన్న పెట్టిన పేరుతో.

నమో బుద్ధాయ.