దొంగకు కూడా వకీలెందుకు?

ఈ వారం ఈ శీర్షికను మీ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకొని చదవండి. ఎందుకంటే ప్రశ్న వాళ్లదే. "దొంగ దొరికాక వాడికి మళ్లీ వకీలెందుకు? నాలుగు తగిలిస్తే నిజం వాడే చెప్తాడు గదా!" పెద్దలు రచ్చబండ మీద అనే మాటనే పిల్లలు జ్ఞానోపదేశం తరగతిలో అడుగుతారు.

మన రాజుపాలెం వైపు, కుందూ ఒడ్డున ఒక పొలంలో రాత్రికి రాత్రి మోటారు వైరు పోయిందనుకోండి. పైరు ఎండుతుంది, రైతు కడుపు మండుతుంది. ఆ బాధ చిన్నది కాదు. తెల్లవారేసరికి ఎవరో ఒక పేరు చెప్తారు. ఆ పేరు పెద్ద మిద్దెలో ఉండేవాడిది కాదు. ఊరి చివర గుడిసెలో ఉండేవాడిది, లేదా పొరుగూరి నుంచి కూలికి వచ్చినవాడిది. వాడు కాస్త వణికితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు అంటాం. చిన్నారులారా, పదిమంది చుట్టుముట్టి అరిస్తే ఏ తప్పూ చేయని మీరు మాత్రం వణకరా?

ఒకప్పుడు చట్టమే ఇలా మాట్లాడింది. 1871లో బ్రిటిషువారు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. మన ఎరుకలవారు దాని కింద నలిగిపోయారు. 1952లో ఆ చట్టం రద్దయింది. మన నోటి నుంచి మాత్రం ఆ అలవాటు ఇంకా పోలేదు.

దానియేలు గ్రంథం పదమూడవ అధ్యాయంలో సూసన్న కథ మీకు తెలుసు. ఇద్దరు పెద్దమనుషులు ఆమె మీద నింద వేశారు. సభ నమ్మింది, మరణశిక్ష విధించింది. అప్పుడు బాలుడైన దానియేలు ఏం చేశాడు? ఆ ఇద్దరినీ వేరువేరుగా నిలబెట్టి, ఏ చెట్టు కింద చూశారని అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, రెండోవాడు మరో చెట్టు పేరు చెప్పాడు. అబద్ధం బయటపడింది. వకీలు చేసే పని అదే. నేరాన్ని దాచడం కాదు, అడగవలసిన ప్రశ్న అడగడం. మనం మన గుడి సమూహాన్ని 'విచారణ' అంటాం. కోర్టులో జరిగేదాన్నీ విచారణే అంటాం. ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకోవడం.

మన రాజ్యాంగం ఈ పద్ధతినే రాసిపెట్టింది. 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసినవాడికి కారణం చెప్పాలి, తనకు నచ్చిన వకీలుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 20వ అధికరణం ప్రకారం తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. వకీలుకు డబ్బు లేదా? కస్టడీలో ఉన్నవాడికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని వారినైతే పోలీసు లాకప్పులో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. 24 గంటల్లో బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి.

"బాధితుల సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008లో ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. అతడు దోషి కాడని ఆ అమ్మాయి కన్నతల్లే చెబుతూ వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమన్నది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. ఆ ఎనిమిదేళ్లు పోయింది అతడికి మాత్రమేనా? బిడ్డను పోగొట్టుకున్న తల్లికి న్యాయమూ దూరమైంది. నిందితుడి హక్కును తొక్కితే బాధితుడికి మేలు జరుగుతుందనుకోవడం భ్రమ. దొరికినవాణ్ణి దొంగ అనుకొని తృప్తిపడితే, అసలు దొంగ హాయిగా నిద్రపోతాడు.

మరి నిజంగా తప్పు చేసినవాడికి కూడా ఈ హక్కులా? అవును, వాడికి కూడా. వాడు చేశాడో లేదో విచారణ ముగిసేదాకా మనకు తెలియదు గదా. తేలిన తర్వాతైనా శిక్ష చట్టం వేయాలి, మన కాలూ చేయీ కాదు. పాపసంకీర్తనంలో గురువు ఎవరి మెడ మీదా చేయి వేసి ఒప్పించడు. మనసు కరిగి తనంతట తాను చెప్పినదే ఒప్పుకోలు. దెబ్బలకు వచ్చేది భయం మాట, నిజం మాట కాదు.

నికొదేము ఒక్కడు సభలో లేచి, మనిషి మాట వినకుండా తీర్పు చెప్పడం మన ధర్మశాస్త్రమా అని అడిగాడు. తోటివారు అతణ్ణి ఎగతాళి చేశారు. అయినా ఆ ప్రశ్న నిలిచింది. పిలాతు అరుపులకు లొంగాడు. మన ప్రభువు నిర్దోషిగానే సిలువనెక్కాడు. ప్రతి శుక్రవారం సిలువమార్గం చేసే మనం గుంపులో చేరి అరవడం తగునా?

తల్లిదండ్రులారా, ఈ పాఠం ఇంట్లోనే మొదలుపెట్టండి. డబ్బాలో పది రూపాయలు కనిపించకపోతే, రోజూ తిట్లు తినే పిల్లవాడి వైపే చేయి లేవనివ్వకండి. ముందు "ఏం జరిగింది నాయనా?" అని అడగండి. వాడు చెప్పేది చివరిదాకా వినండి. అలా విన్న బిడ్డ రేపు ఊరంతా ఒకణ్ణి వేలెత్తి చూపినప్పుడు, తానొక్కడైనా నిలబడి, "వాణ్ణి అడిగారా?" అని అడుగుతాడు.